తిథికి రెండు ఘడియలు

కిందటేడు కార్తీక పౌర్ణమినాడు మధ్యాహ్నం మూడున్నరకి, యానాం అవతల ఒక మడ కాలువలో, మేమెక్కిన పడవ బురదలో కూర్చుంది. ఆగింది అనడానికి నాకు నోరు రావడం లేదు, కూర్చుంది అనే అనాలి. చెరువులో గేదె కూర్చున్నట్టు తాపీగా, ఇప్పట్లో లేచేది లేదన్నట్టు కూర్చుంది. మా ఆవిడ నావైపు చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ చూపు నాకు కొత్త కాదు.

ఆ రోజు, ఆ టైము, రెండూ నేను పెట్టిన ముహూర్తాలే. పౌర్ణమినాడు సముద్రం పొంగుతుంది కదా, కాలువల్లో నీళ్ళు నిండుగా ఉంటాయి, మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే సాయంత్రం దీపాల వేళకి రేవుకి వచ్చేయొచ్చు అని లెక్కేశాను. నేను కాకినాడలో లెక్కల మేస్టార్ని. ఈ సంగతి పడవాయనకి ఎక్కుతూనే చెప్పడం నేను చేసిన రెండో తప్పు.

అసలు ఈ యానాం గొడవ నాకు ఎందుకంటే, షుగరు. ఆ ఏడు సెప్టెంబరులో మూడు నెలల సగటు 8.2 వచ్చింది. రోజూ నడవండి, ఆదివారాలు టీవీ ముందు కాకుండా ఆరుబయట గడపండి అన్నారు డాక్టరుగారు. అరకు, మారేడుమిల్లి అని అందరూ చెప్పారు. అవన్నీ ఏడాదికోసారి వెళ్ళే చోట్లు. నాకు కావలసింది నెలనెలా వెళ్ళగలిగేది, పొద్దున బస్సెక్కితే రాత్రి అన్నానికి ఇంటికి వచ్చేసేది. కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటి చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు మీదుగా వెళ్తే ముప్ఫై కిలోమీటర్ల లోపే యానాం. డెల్టాకి ఉత్తరపు అంచున, గౌతమి పాయ ఒడ్డున చిన్న ఊరు. చుట్టూ ఆంధ్రా, ఊరు మాత్రం పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది.

ఈ చివరి ముక్క వల్ల నా పరువు కొంత పోయింది. పన్నులు తక్కువ కాబట్టి యానాంలో పెట్రోలూ చవక, మందూ చవక. నెలకోసారి యానాం వెళ్తున్నానంటే మా స్టాఫ్‌రూములో ఒక్కరు కూడా నది కోసమని నమ్మలేదు. "మేస్టారికి షుగరట, అందుకని యానాం మందు వాడుతున్నారట" అని ఒకాయన ఇప్పటికీ అంటూంటాడు. మా నాన్నగారి తరంలో ఈ ఊరికి ఇంకో పేరుండేది, కల్యాణపురం అని. 1929లో బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం వచ్చాక, అది ఫ్రెంచి నేల మీద చెల్లదు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని బళ్ళెక్కించి ఇక్కడికి తెచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. అంటే ఇక్కడ చెల్లనిది అక్కడ దొరుకుతుందని యానాం వెళ్ళడం మనకి కొత్తేమీ కాదు.

సరే, బురద దగ్గరికి వస్తాను.

అది టూరిస్టు బోటు కాదు. కోరంగి అభయారణ్యం దగ్గర అటవీశాఖ వాళ్ళ బోట్లు వేరే ఉన్నాయి. మేం పండగ రద్దీ చూసి, తెలిసినవాళ్ళ ద్వారా చేపల పడవ ఒకటి మాట్లాడుకున్నాం. లైఫ్ జాకెట్లు లేవు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. తర్వాత ఎప్పుడూ అలా ఎక్కలేదు. మావి రెండు జాకెట్లు కొనుక్కుని, సంచిలో పెట్టుకుని మరీ వెళ్తున్నాం.

పడవ నడిపే పెద్దాయన ఇంజను ఆపేశాడు. గెడ తీసి ఒకసారి నెట్టి చూశాడు. గెడ మోకాలి లోతు దిగబడింది తప్ప పడవ కదల్లేదు. నేను సాయం చేద్దామని పక్కనే వంగి ఉన్న కొమ్మ పట్టుకుని లాగబోయాను.

"ముట్టుకోకండి మేస్టారూ! తిల్ల అది!"

ఆ అరుపుకి చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. తిల్ల కొమ్మ విరిస్తే పాలు కారతాయట. అవి ఒంటి మీద పడితే దద్దుర్లు, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆకు చూస్తే మన పెరట్లో చెట్టులాగే అమాయకంగా ఉంది. ఆ పక్కనే ఉన్న తెల్లమడని, కాళ్ళు ఎడంగా పెట్టి నీళ్ళలో నిలబడ్డట్టుండే ఉప్పు పొన్నని చూపించి, "అయ్యి ఏం చెయ్యవండి. ఇదొక్కటే మాటపడదు" అన్నాడు.

"ఇప్పుడెలా మరి?" అంది మా ఆవిడ.

"ఏముందమ్మా, పోటు రావాలి, నీళ్ళు ఎక్కాలి. అయిదున్నర, ఆరు అవుద్ది."

"పౌర్ణమి కదా, నీళ్ళు ఎక్కువ ఉండాలి కదా?" అన్నాను నేను.

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "పున్నానికి ఎక్కువ ఎక్కుద్దండి, ఎక్కువే దిగుద్ది. పొద్దున్న తొమ్మిదిన్నరకి రావాల్సింది. ఇప్పుడు నీళ్ళు దిగేటప్పుడు, పాటు మీద వచ్చాం. మీరు మూడింటికే కావాలన్నారు, పండగపూట బేరం వదులుకోవడమెందుకని నేనూ ఊరుకున్నాను."

అలా రెండున్నర గంటలు కూర్చున్నాం. మొదటి అరగంట టెన్షన్‌తో గడిచింది. ఫోన్‌లో సిగ్నలు ఒక గీత ఉండి లేనట్టుంది. తర్వాత ఇక చేసేదేం లేక చుట్టూ చూడడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నేనేమీ చూడలేదు. సెల్ఫీలు దిగాను, అంతే.

నీళ్ళు ఇంకా దిగుతున్నాయి. కాలువ గట్టున నిగనిగలాడే బూడిద రంగు బురద. అందులోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్ళు పైకి లేచి ఉన్నాయి. ఏడో తరగతి పుస్తకంలో శ్వాసవేర్లు అని చదివి బొమ్మ గీసినవే. బురదలో గాలాడదు కాబట్టి మడచెట్టు ఊపిరి కోసం వేళ్ళని పైకి పంపుతుంది. ఆ వేళ్ళ మధ్య గోరంత పీతలు. ప్రతి మగ పీతకీ ఒక డెక్క చిన్నది, ఇంకోటి దాని ఒంటితో సమానం. ఆ పెద్ద డెక్కని పైకీ కిందికీ ఊపుతూ ఉన్నాయి. బస్టాండులో "రావులపాలెం, రావులపాలెం" అని పిలిచే కండక్టర్లలాగ. ఇంతలో ఏదో గెంతింది. చేప! బొటనవేలంత చేప, నెత్తి మీద కప్ప కళ్ళతో, ముందు రెక్కల మీద మోచేతులు ఆనించినట్టు ఆనించి బురద మీద పాకుతోంది. నీళ్ళలోకి పోకుండా బయటే తిరుగుతోంది. మా ఆవిడ ఆ చూపు మానేసి దాన్నే చూస్తూ కూర్చుంది.

పెద్దాయన చుట్ట ముట్టించి నెమ్మదిగా మాట్లాడాడు. ఈ మడ లేకపోతే తొంభయ్యారులో తన ఊరు మిగిలేది కాదన్నాడు. 1996 నవంబరు 6 తుపాను. నాకు బాగా గుర్తు, కాకినాడకి దగ్గర్లోనే తీరం దాటింది, చాలా రోజులు కరెంటు లేదు. మాకు కరెంటు లేదు, ఆయనకి అన్నయ్య లేడు. వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. ఆ మాట చెప్పి ఆయన చుట్ట బూడిద రాల్చాడు, నేను ఏమీ అనలేకపోయాను.

అప్పుడే అడిగాను, పోటు ఎప్పుడొస్తుందో ఎలా తెలుసని. ఫోన్‌లో యాప్ ఏదో ఉంటుందనుకున్నాను.

"ఎలాగేంటండీ, తిథిని బట్టి. అమాసకీ పున్నానికీ మా రేవులో తొమ్మిదిన్నరకి నిండు పోటు. అక్కణ్ణుంచి తిథికి రెండు గడియలు ఆలస్యం. మా నాన్న చెప్పాడు, వాళ్ళ నాన్న ఆయనకి చెప్పాడు."

ఘడియ అంటే 24 నిమిషాలు. రెండు ఘడియలు 48 నిమిషాలు. నాకు అక్కడే, ఆ బురదలో, ఒళ్ళు ఝల్లుమంది. పక్షానికి పదిహేను తిథులు. పదిహేను నలభై ఎనిమిదులు ఏడు వందల ఇరవై నిమిషాలు. సరిగ్గా 12 గంటలు! అంటే అమావాస్య పొద్దుటి పోటు తిథికి కాస్త జరుగుతూ జరుగుతూ పౌర్ణమికి రాత్రి తొమ్మిదిన్నరకి చేరుతుంది. రోజుకి రెండు పోట్లు కాబట్టి, ముందటి రాత్రి పోటు ఆ పాటికి పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి నిలబడుతుంది. అందుకే అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటే టైము. ముప్ఫై తిథులకి అరవై ఘడియలు, ఒక పూర్తి రోజు. చంద్రుడు మొదలుపెట్టిన చోటికే లెక్క కూడా వచ్చేస్తుంది. ఇరవై అయిదేళ్ళుగా పిల్లలకి కాలము–దూరము చెప్తున్నాను, ఇంత శుభ్రమైన లెక్క ఒక్కటి ఇవ్వలేదు.

నాలుగున్నర దాటాక నీళ్ళు తిరిగాయి. ముందు పీతలకి తెలిసింది. ఒక్కొక్కటే కన్నాల్లోకి దూరి మట్టి గోళీతో తలుపేసుకున్నాయి. తర్వాత వేళ్ళ మధ్య బుడగలు. ఎండిన ఆకొకటి, పొద్దుటినుంచి సముద్రం వైపే వెళ్తున్నది కాస్తా ఆగి, ఒక చుట్టు తిరిగి, వెనక్కి బయల్దేరింది. ఆరింటికి పడవ అడుగు ఒకసారి ఊగింది. చెట్ల పైన చంద్రుడు, ఇత్తడి తాంబాళంలా.

మా ఆవిడ రేవులో వదలడానికి తెచ్చుకున్న అరటి దొప్ప, వత్తి అక్కడే తీసింది. పెద్దాయన అగ్గిపెట్టె ఇచ్చాడు. దీపం నీళ్ళలో పెట్టి దణ్ణం పెట్టుకుంది. దీపాలు సముద్రం వైపు వెళ్ళడమే నాకు తెలుసు. ఇది ఎగువకి, ఊళ్ళ వైపు, మాకు ముందు ముందు దారి చూపిస్తూ వెళ్ళింది. పోటు మీద ఉన్నాం కదా.

ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తినకుండానే గోడ మీది క్యాలెండరు దించాను. ప్రతి ఆదివారానికీ తిథి చూసి, పోటు టైము పెన్సిలుతో రాసుకున్నాను. నాలుగు ఆదివారాలు బస్సు దిగి ఏటిగట్టు మీదే నిలబడి సరిచూశాను. గౌతమి ఒడ్డున, ఏనుగులు అభిషేకం చేస్తున్న శివలింగం దగ్గర మెట్లున్నాయి. ఎన్నో మెట్టు దాకా నీళ్ళొచ్చాయో, ఎన్నింటికి ఆగాయో రాసుకున్నాను. గాలిని బట్టీ, రేవుని బట్టీ పావుగంట, అరగంట తేడా ఉండేది. యానాంలో నీళ్ళు మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట కన్నా కాస్త ఆలస్యంగా ఎక్కుతాయి. మొత్తానికి తాతల లెక్క నిలబడింది. మీరు వెళ్తే ఆ రేవులో తొమ్మిదిన్నర అన్నదాన్ని గుడ్డిగా పట్టుకోకండి. ఏ రేవుకి ఆ రేవులోనే అమావాస్య పోటు ఎన్నింటికో అడిగి, అక్కణ్ణుంచి లెక్కేసుకోండి.

లెక్క దొరికాక తెలిసిన సంగతి ఏమిటంటే, పాటు చెడ్డది కాదు. పడవకే చెడ్డది. కోరంగి అభయారణ్యంలో మడల మధ్య నుంచి చెక్కల దారి వేశారు. పోటు మీద వెళ్తే కింద నీళ్ళు, పైన ఆకులు, అంతే. చాలామంది అదే చూసి "ఏముంది, చెట్లే కదా" అని వచ్చేస్తారు. నీళ్ళు దిగినప్పుడు వెళ్తేనే కింద ఆ పీతలూ, పాకే చేపలూ, తెల్లవారుజామున ఎవరో నడిచి వెళ్ళిన పాదాల గుర్తులూ. ఆ గుర్తులు బావురు పిల్లివని అక్కడి గైడు అన్నాడు. పిల్లి మాత్రం నాకు ఏడాదంతా కనిపించలేదు. నీటికుక్కలు ఒకసారి కనిపించాయి, నాలుగు తలలు వరసగా, బడికి ఆలస్యమైన పిల్లల్లా హడావిడిగా ఈదుకుంటూ. పొద్దున తొమ్మిది, పది మధ్య పాటు కావాలంటే అష్టమి, నవమి చూసుకోవాలి. ఆ రోజుల్లో నీళ్ళు పెద్దగా ఎక్కవు, పెద్దగా దిగవు, కానీ చలికాలంలో పక్షులకి ఆ మాత్రం బురద తేలితే చాలు. మా ఆవిడ దీన్నంతటినీ నాలుగు మాటల్లో తేల్చేసింది: "బోటుకి పోటు, నడకకి పాటు."

చలికాలం అన్నాను కాబట్టి, నన్నడిగితే డిసెంబరు, జనవరే యానాం కాలం. పొద్దున మంచులో గౌతమి అవతలి ఒడ్డు కనపడదు. బాలయోగి వారధి మీద నడుస్తుంటే వంతెన సగంలో ఆగిపోయినట్టుంటుంది. 2002లో పోయిన లోక్‌సభ స్పీకరు పేరే దానికి పెట్టారు. యానాం నుంచి ఎదుర్లంక దాకా నడిచి, అక్కడ టీ తాగి, మళ్ళీ నడిచి రావడం నా వ్యాయామం. ఈ వంతెన రాకముందు కోనసీమ వెళ్ళాలంటే ఇక్కడ పంటు ఎక్కాల్సిందే. చిన్నప్పుడు అమలాపురం మేనత్తగారింటికి అలాగే వెళ్ళేవాళ్ళం. పంటు మీద లారీ పక్కన నిలబడి, లారీ ఎక్కితే పంటు ఎంత మునుగుతుందో వేలితో కొలిచేవాణ్ణి. అప్పుడు కూడా పోటు కోసం గట్టున ఆగే ఉంటాం, నాన్నగారు "ఇంకా రాదేం" అని విసుక్కోవడం గుర్తుంది గానీ ఎందుకు ఆగామో ఎవరూ చెప్పలేదు.

పుష్య బహుళ అమావాస్యకి చొల్లంగి తీర్థానికి కూడా వెళ్ళాం. గోదావరి సప్తర్షుల పేర్ల మీద ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని కదా నమ్మకం. అందులో తుల్యభాగ కలిసేది ఇక్కడ. సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు ఈ అమావాస్యనాడు చొల్లంగిలో మొదలుపెట్టి, అంతర్వేదిలో ముగిస్తారు. మేం తెల్లవారకుండా వెళ్ళాం. అప్పటికి పోటు ఇంకా సగమే. ముసలమ్మలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బురదలో నీళ్ళ దాకా నడుస్తున్నారు. నాకెందుకో నోరూరుకోలేదు. "తొమ్మిదిన్నరకి నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయండీ, కాస్త ఆగితే బురద తొక్కక్కర్లేదు" అన్నాను ఒకావిడతో. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "బాబూ, పుణ్యానికి వచ్చాంగానీ సుఖానికి వచ్చామా" అని ముందుకెళ్ళిపోయింది. నా కొత్త బూట్లలో ఒకటి ఆ బురదలోనే ఉండిపోయింది. స్పోర్ట్స్ డే కోసం కొన్నవి.

వెనక్కి వస్తూ కోరంగి ఊళ్ళో ఆగాం. ఇప్పుడు చూస్తే ఏమీ ఉండదు. ఒకప్పుడు ఇది ఓడల రేవు, ఓడలు కట్టిన ఊరు. ఇక్కణ్ణుంచి బర్మా వెళ్ళినవాళ్ళని అక్కడివాళ్ళు "కోరంగీ"లనే పిలిచేవారు, రంగూన్‌లో మన తెలుగువాళ్ళకి అదే పేరు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన రేవుని ఊడ్చేసింది. మళ్ళీ నవంబరే. ఇక్కడ నవంబరులో రేడియో వినకుండా పడవెక్కకూడదని పెద్దాయన మొదటి రోజే అన్నాడు.

ఎండాకాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మేలో యానాంలో ఉక్కపోత పొద్దున ఏడింటికే మొదలవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డుకెక్కించి తారు పూస్తుంటారు, చెట్ల కింద వలలు అల్లుతుంటారు. నేను అయిదింటికే ఏటిగట్టు మీద నడిచి, ఎనిమిదిన్నర బస్సుకి తిరిగొచ్చేశాను. రెండుసార్లు వెళ్ళాను, మూడోసారి మా ఆవిడ రానంది. తాటి ముంజలు మాత్రం అద్భుతం.

జులైలో నా లెక్క తప్పింది.

చవితో పంచమో, లెక్క ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకి పోటు. పదకొండింటికి మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఎర్రనీళ్ళు. పైన ఎక్కడో వానలు, ధవళేశ్వరం ఆనకట్ట గేట్లు ఎత్తారు. నది కుంకుమ కలిపినట్టుంది. గుర్రపుడెక్క దుబ్బులు, ఒక అరటి గెల, ఎవరిదో చెప్పు, అన్నీ ఒకే దిక్కుకి పోతున్నాయి. ఒంటిగంట అయింది, రెండైంది. నీళ్ళు తిరగలేదు. కొట్టుకొచ్చే ఒక్క ఆకు కూడా వెనక్కి బయల్దేరలేదు. ఎనిమిది నెలలు సరిపోయిన లెక్క అలా పోతుంటే నాకు చిన్నతనంగా అనిపించి, గట్టు మీద వల సర్దుకుంటున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

"వరదలో పోటేంటండీ," అన్నాడు. "వచ్చుద్ది, కింద మొగ దగ్గర తోస్తా ఉంటుంది. గోదారి వినదు. ఇప్పుడు తిథి కాదు చూసుకోవాల్సింది, ధవళేశ్వరం."

అంతే, అప్పట్నుంచి జులై, ఆగస్టు, సెప్టెంబరులకి నా క్యాలెండరులో పెన్సిలు గీతలు లేవు. ఆ నెలల్లో యానాం వెళ్ళాలంటే వార్తల్లో ధవళేశ్వరం నీటిమట్టం చూస్తాను. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే నేను ఇంట్లో ఉండిపోతాను. 2022 జులైలో మూడో హెచ్చరిక కూడా దాటిపోయినప్పుడు యానాంలో వీధుల్లోకే నీళ్ళొచ్చాయి, పడవలు ఆ వీధుల్లో తిరిగాయి. పడవ సరదా అంటే అలాంటిది కాకూడదు.

అయితే ఎర్రనీళ్ళతోనే పులస వస్తుంది. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలస. గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. పుస్తెలమ్మి తినాలన్న సామెత మా ఆవిడ దగ్గర అనకూడదు కాబట్టి, యానాం చేపల మార్కెట్లో పాట చూసి వచ్చాను. అమ్మేదీ, పాడేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఒకావిడ చేపని రెండు చేతుల మీద పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి చూపించింది. వెండి పళ్ళెం మీద లేత గులాబీ మెరుపు. రెండు నిమిషాల్లో అది మా ఇంటద్దె దాటిపోయింది. వేరే రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన ఇలసని కూడా పులసని చెప్పి అంటగట్టేస్తారు, కాబట్టి తెలిసినవాళ్ళు లేకుండా కొనకండి. నేనైతే కొనలేదు. పెద్దాయన కోడలు మాత్రం మరుసటి ఆదివారం చిన్న గిన్నెలో పులుసు పెట్టి ఇచ్చింది. మట్టి దాకలో ముందురోజు వండి, రాత్రంతా ఊరనిచ్చినది. చేప ముక్క రెండు వేళ్ళంత ఉంది. అందులో వేసిన బెండకాయలే నాకు ఎక్కువ వచ్చాయి, పులుసంతా అవే తాగేశాయి, వాటి కోసం మేమిద్దరం కొట్టుకున్నాం.

షుగరు ఈ ఆగస్టులో 7.1. డాక్టరుగారు మందు పనిచేసిందన్నారు.

దసరా సెలవుల ముందు, యానాం మందు అని వెక్కిరించే మా సహోద్యోగి ఫోన్ చేశాడు. తమ్ముడి కుటుంబం బెంగళూరు నుంచి వస్తోందట, పిల్లలకి మడ అడవి చూపిద్దామనుకుంటున్నాడట. ఈ ఆదివారం మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే బోటు బాగుంటుందా అని అడిగాడు. నేను లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్ళేలోగా వంటింట్లోంచి మా ఆవిడ అంది:

"ఆదివారం త్రయోదశి. ఎనిమిదింటికి పోటు. ఏడున్నరకల్లా రేవులో ఉండమనండి. ధవళేశ్వరం ఎంతుందో ఒకసారి చూసుకోమనండి. పిల్లలకి జాకెట్లు అడిగి వేయించమనండి. మంచి చెప్పులు వేసుకురావద్దని చెప్పండి."